వెంట్రుకంత కాలువలకు నీరు పెట్టాను

కంప్యూటర్ చిప్ లోపలికే నీళ్ళు పారించి చల్లబరచాలన్న మా ప్రయత్నం రెండేళ్ళ కిందట మే నెలలో మొదలైంది. కాలువలు కట్టేసిన రోజులు. ఊళ్ళో చెరువులు అడుగంటాయి, గాలి కదలదు, ఒళ్ళంతా జిగట. మా కాలేజీ ల్యాబ్‌లో ఏసీ చెడిపోయి వారం దాటింది. ఫైనలియర్ పిల్లలు రాత్రంతా నడవాలని కంప్యూటర్‌లో పెట్టి వెళ్ళిన లెక్క పొద్దున వచ్చి చూస్తే సగంలో ఆగిపోయి ఉంది. మళ్ళీ పెట్టారు, మళ్ళీ ఆగింది. ప్రాసెసర్ వేడి 100 డిగ్రీల దగ్గరికి వెళ్ళగానే, కాలిపోకుండా తనంతట తానే ఆగిపోతోంది.

డబ్బా విప్పి చూశాను. ఫ్యాను తిరుగుతోంది. అల్యూమినియం రేకుల్లో దుమ్ము కూడా పెద్దగా లేదు. ఆ రేకుల మీద చెయ్యి పెడితే గోరువెచ్చగా ఉన్నాయి, అంతే. లోపల 100 డిగ్రీలు, పైన గోరువెచ్చన! నేను అమలాపురం వైపు ఒక ఇంజినీరింగ్ కాలేజీలో హీట్ ట్రాన్స్‌ఫర్ పాఠం చెప్తాను. ఏడేళ్ళుగా చెప్తున్న ఆ పాఠం ఆ పొద్దున నా అరచేతికి తెలిసింది. వేడి పుట్టిన చోటికీ, దాన్ని తీసుకుపోయే గాలికీ మధ్య దారి మూసుకుపోయింది. రేకుల దిమ్మ ఊడదీస్తే, దానికీ ప్రాసెసర్ మూతకీ మధ్య రాసిన పేస్టు ఎండిపోయి పెచ్చులు పెచ్చులుగా రాలింది. కొత్త పేస్టు రాశాం, కంప్యూటర్ బాగుపడింది. పిల్లలు వాళ్ళ లెక్క చేసుకున్నారు.

నా మనసు మాత్రం ఆ పేస్టు దగ్గరే ఉండిపోయింది. ప్రాసెసర్‌లో వేడి పుట్టేది సిలికాన్ ముక్కకి ఒక వైపున, కొన్ని మైక్రాన్ల పొరలో. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. ఇప్పటి చిప్పుల్ని బోర్లా పెడతారు కాబట్టి ఆ పొర కిందికి ఉంటుంది, సిలికాన్ వీపు పైకి ఉంటుంది. ఆ వీపు మీద ఒక పూత, పూత మీద రాగి మూత, మూత మీద మళ్ళీ పేస్టు, దాని మీద రేకుల దిమ్మ, ఆ తర్వాత గాలి. వేడిని మోసే గుణాన్ని మీటరుకి, డిగ్రీకి ఇన్ని వాట్లు అని లెక్కగడతారు. రాగికి అది 400. సిలికాన్‌కి 150 దాకా. మామూలు పేస్టులకి 10 లోపే. కదలని గాలికి 0.026. పెద్ద పెద్ద డేటా సెంటర్లలో గాలి చాలక నీళ్ళతో చల్లబరిచినా, ఆ నీళ్ళు రాగి పలక లోపలే తిరుగుతాయి. పలకకీ సిలికాన్‌కీ మధ్య ఆ పూతలు అలాగే ఉంటాయి. ఊరి పొలిమేర దాకా నీళ్ళు వచ్చి, పొలంలోకి దిగకుండా ఆగిపోయినట్టు అనిపించింది నాకు. మాది కాలువ చివర ఉన్న శివారు ఊరు. ఆ బాధ ఎలా ఉంటుందో చిన్నప్పటి నుంచీ తెలుసు.

మరి నీటిని సిలికాన్ లోపలికే ఎందుకు తీసుకెళ్ళకూడదు?

ముందు చేతిలో ఉన్నదానితో ప్రయత్నించాం. పాత సామాన్ల గదిలో మూలపడి ఉన్న ఒక ప్రాసెసర్ రాగి మూతని బ్లేడుతో నెమ్మదిగా ఊడదీశాం. సిలికాన్ వీపుకి నేరుగా నీళ్ళు తగిలేలా త్రీడీ ప్రింటర్ మీద చిన్న గిన్నె ఒకటి చేసి, చుట్టూ రబ్బరు రింగు పెట్టి బిగించాం. పదకొండు నిమిషాలు నడిచింది. వేడి బాగా తగ్గింది. పన్నెండో నిమిషంలో రింగు పక్క నుంచి ఒక్క చుక్క జారి మదర్‌బోర్డు మీద పడింది. ఆ బోర్డు మళ్ళీ లేవలేదు. పిల్లలు బెంగపెట్టుకున్నారు గానీ, నాకు ఆ పదకొండు నిమిషాలు చాలు. మధ్యలో పూతలు లేకపోతే ఎంత తేడా వస్తుందో అందరం కళ్ళారా చూశాం.

ఆ సెలవులన్నీ చదవడంతోనే గడిచాయి. ఈ ఆలోచన కొత్తది కాదని అప్పుడు తెలిసింది. 1981లోనే స్టాన్‌ఫోర్డ్ యూనివర్సిటీలో టకర్‌మన్, పీస్ అనే ఇద్దరు సిలికాన్ వీపు మీద 50 మైక్రాన్ల వెడల్పు, 300 మైక్రాన్ల లోతు కాలువలు తవ్వి నీళ్ళు పారించారు. చదరపు సెంటీమీటరుకి 790 వాట్ల వేడిని తీశారు. అప్పుడు కూడా చిప్ వేడి, లోపలికి వచ్చే నీటి కన్నా 71 డిగ్రీలే పెరిగింది. ఈ 790 అంటే ఎంతో పిల్లలకి ఇలా చెప్పాను. ఇంట్లో 1000 వాట్ల ఇస్త్రీ పెట్టె ఉంది. దాని అడుగు 200 చదరపు సెంటీమీటర్లు అనుకుంటే, చదరపు సెంటీమీటరుకి 5 వాట్లు. ఏఐ పనులకి వాడే ఎన్విడియా హెచ్100 చిప్ 814 చదరపు మిల్లీమీటర్లు ఉంటుంది. దాని మాడ్యూలు మొత్తం 700 వాట్ల దాకా తీసుకుంటుంది, అందులో ఎక్కువ భాగం ఆ చిప్‌లోనే పుడుతుంది. అంటే ఇస్త్రీ పెట్టెకి పది రెట్ల పైమాటే. 1981లో వాళ్ళు తీసింది ఇస్త్రీ పెట్టెకి 150 రెట్లకు పైన.

కాలువ సన్నబడితే వేడి ఎందుకు తేలిగ్గా దిగుతుందన్నది ఇందులో నాకు బాగా నచ్చిన విషయం. అంత సన్నని దారిలో నీరు సుడులు తిరగదు, పొరలు పొరలుగా నెమ్మదిగా జారుతుంది. వేడి గోడ నుంచి నీటి నడిమికి పాకుతూ వెళ్ళాలి. గోడకీ నడిమికీ దూరం సగం చేస్తే వేడి దిగే వేగం రెట్టింపవుతుంది. పైగా అదే జాగాలో ఇంకా ఎక్కువ గోడలు పడతాయి. అయితే ఇది ఊరికే రాదు. వెడల్పు సగం చేసి, నీటిని అదే వేగంతో తొయ్యాలంటే నాలుగు రెట్లు ఒత్తిడి కావాలి. ఎంత సన్నం చెయ్యాలి, ఎక్కడ ఆగాలి అన్నదే అసలు బేరం.

నిజమైన ప్రాసెసర్ మీద ఇది మా వల్ల కాదు. తయారైన చిప్‌ని మేం తవ్వబోతే పగులుతుంది. అందుకని ఉత్త సిలికాన్ ముక్క తీసుకుని, ఒక వైపున ప్లాటినం గీతతో హీటర్ వేసి, అదే ప్రాసెసర్ అనుకుని, రెండో వైపున కాలువలు తవ్వాలని అనుకున్నాం. వేడెక్కే కొద్దీ ప్లాటినం నిరోధం పెరుగుతుంది కాబట్టి ఆ గీతే థర్మామీటరు కూడా అవుతుంది. దాన్ని నాలుగు భాగాలుగా వేస్తే నాలుగు చోట్ల వేడి విడివిడిగా తెలుస్తుంది.

సిలికాన్ తవ్వే యంత్రం మా జిల్లాలో లేదు. కేంద్ర ఎలక్ట్రానిక్స్, ఐటీ శాఖ సాయంతో నడిచే ఇండియన్ నానోఎలక్ట్రానిక్స్ యూజర్స్ ప్రోగ్రామ్ అని ఒకటుంది. సొంతంగా క్లీన్‌రూమ్ (దుమ్ము చొరబడని ప్రయోగశాల) లేని కాలేజీల వాళ్ళు బెంగళూరు ఐఐఎస్సీ, బొంబాయి ఐఐటీ లాంటి చోట్ల శిక్షణ తీసుకుని తమ పని చేసుకోవచ్చు. ఈ సంగతి తెలియని లెక్చరర్లు మన వైపు చాలామంది ఉన్నారు, అందుకే ప్రత్యేకంగా రాస్తున్నాను. దరఖాస్తులో ఏం చెయ్యాలనుకుంటున్నామో, ఏ యంత్రాలు ఎందుకు కావాలో వివరంగా రాయాలి. నేను మూడుసార్లు తిరగరాసి పంపాను. పిలుపు వచ్చాక రాజమండ్రిలో శేషాద్రి ఎక్స్‌ప్రెస్ ఎక్కి బెంగళూరు వెళ్ళాను.

క్లీన్‌రూమ్‌లోకి వెళ్ళాలంటే తల నుంచి పాదాల దాకా తెల్లటి సూటు వేసుకోవాలి. కళ్ళు మాత్రమే కనిపిస్తాయి. వెలుతురుతో డిజైన్ అచ్చువేసే లితోగ్రఫీ గదిలో అంతా పసుపు వెలుతురు, ఎందుకంటే సిలికాన్ మీద పూసే ఫోటోరెసిస్టు మామూలు వెలుతురు తగిలితే పాడవుతుంది. నాలుగంగుళాల వేఫరు, అంటే గుండ్రటి సిలికాన్ పలక, 525 మైక్రాన్ల మందం. దాని మీద రెసిస్టు పూసి, మా డిజైన్ గీసిన మాస్కు పెట్టి, వెలుతురు పట్టించి, కడిగితే కాలువలు రావాల్సిన చోట్ల సిలికాన్ బయటపడుతుంది. ఒక సెంటీమీటరు వెడల్పులో 50 కాలువలు. ఒక్కోటి 100 మైక్రాన్ల వెడల్పు, అంటే ఇంచుమించు ఒక వెంట్రుక మందం. కాలువకీ కాలువకీ మధ్య గట్టు కూడా అంతే.

తవ్వే పద్ధతిని బాష్ ప్రాసెస్ అంటారు. ఒక వాయువు కొన్ని సెకన్లు సిలికాన్‌ని తినేస్తుంది. వెంటనే ఇంకో వాయువు వచ్చి గోడలకి పలచగా పూత పూస్తుంది. మళ్ళీ మొదటిది అడుగున ఉన్న పూతని చీల్చుకుని కిందికి తింటుంది. గోడలకి పూత ఉంటుంది కాబట్టి పక్కలకి తినదు. ఇలా వందల సార్లు. మా ఊళ్ళో బోదె తవ్వే మనుషులు గట్టు జారిపోకుండా జానెడు తవ్వి, పక్కలకి మట్టి మెత్తి, మళ్ళీ జానెడు తవ్వడం చూశాను. అదే పని. 300 మైక్రాన్ల లోతుకి వెళ్ళడానికి గంటలు పట్టింది. బయటికి తీసి మైక్రోస్కోపు కింద పెట్టినప్పుడు ఆ గోడలు నిట్టనిలువుగా, వాటి మీద సన్నటి మెట్లు వరసగా కనిపించాయి. ఎంతసేపు చూశానో నాకే తెలియదు. పక్కన ఉన్న టెక్నీషియన్ "మేడమ్, స్లాట్ అయిపోతోంది" అంటే గానీ తల ఎత్తలేదు.

కాలువలకి మూత వెయ్యడం ఇంకా కష్టం. బోరోసిలికేట్ గాజు పలకని సిలికాన్ మీద ఆనించి, 400 డిగ్రీల దాకా వేడి చేసి, వందల వోల్టులు పెడతారు. గాజులో సోడియం అయాన్లు కదిలి, గాజూ సిలికానూ ఒకదాన్నొకటి లాక్కుని అతుక్కుపోతాయి. జిగురు అక్కర్లేదు. కానీ మధ్యలో దుమ్ము కణం ఒక్కటి ఉన్నా దాని చుట్టూ అతకదు. మొదటిసారి గాజుని నేను ఇంకో రెండు నిమిషాలు కడిగి ఉండాల్సింది. బయటికి తీశాక ఒక మూల రంగురంగుల వలయాలు కనిపించాయి. నీటి మీద నూనె చుక్క పడినట్టు. అక్కడ అతకలేదన్నమాట. వేఫరుకి నాలుగు ముక్కల్లో ఒకటి పోయింది. మిగిలిన మూడూ గట్టిగా ఉన్నాయి. రెండున్నర సెంటీమీటర్ల చదరపు ముక్కలు మూడు, దూదిలో చుట్టి, అగ్గిపెట్టెల్లో పెట్టి, రైల్లో ఒళ్ళో పెట్టుకుని ఇంటికి తెచ్చాను.

ఇక అసలు పరీక్ష మా ల్యాబ్‌లో. ఒక చిన్న పంపు, ప్రెషర్ గేజ్, సన్నటి సిలికోన్ రబ్బరు ట్యూబులు, ఒక గాజు సీసా. డిస్టిల్డ్ వాటర్‌ని మరగబెట్టి చల్లార్చి పోశాం, లేకపోతే నీటిలో కరిగిన గాలి వేడికి బుడగలు కట్టి కాలువల్లో అడ్డం పడుతుంది. నిమిషానికి 100 మిల్లీలీటర్లు పంపాలని లెక్క. పంపు పెట్టిన అరగంటకే గేజ్ ముల్లు పైకి పాకడం మొదలైంది. ఇంకో పావుగంటకి నీరు సగానికి తగ్గిపోయింది. గాజు మూతలోంచి మైక్రోస్కోపుతో చూస్తే, ఆరేడు కాలువల నోళ్ళ దగ్గర తెల్లటి పోగులు చిక్కుకుని ఉన్నాయి. ట్యూబు మరల దగ్గర నీరు కారకుండా ప్లంబింగ్‌కి చుట్టే తెల్లటి టేపు చుట్టాం. ఆ టేపు పోగులే అవి. కాలువ మీద గుర్రపు డెక్క పేరుకుని తూము మూసుకుపోయినట్టే. మా గుంపులో ఒక కుర్రాడి వాళ్ళకి రొయ్యల చెరువులు ఉన్నాయి. "మేడమ్, మేం చెరువులోకి నీళ్ళు పెట్టేటప్పుడు నెట్టు కట్టకుండా వదలం కదా, దీనికి ఎందుకు కట్టలేదు?" అన్నాడు. నిజమే. కాలువ వెడల్పు కన్నా బాగా సన్నటి రంధ్రాలున్న ఫిల్టరు తెప్పించి పెట్టాం. టేపు పూర్తిగా మానేశాం. ఆ తర్వాత నీళ్ళు వారానికి మించి సీసాలో ఉంచలేదు, ఉంచితే నాచు పడుతుంది.

ఇంకో సంగతి కూడా చెప్పాలి, మన వైపు ఈ పని చేసేవాళ్ళకి అవసరం. ఒక రోజు పిల్లలు ఇంకా చల్లగా ఉండాలని సీసా చుట్టూ ఐసు ముక్కలు పెట్టారు. పది నిమిషాల్లో చిప్ గాజు మీద, వైర్ల మీద చెమట పట్టింది. మన తేమకి 25 డిగ్రీల లోపు ఉన్న దేన్ని బయట పెట్టినా నీళ్ళు కారుతుంది. కరెంటు ఉన్న చోట అది ప్రమాదం. నిజానికి ఈ పద్ధతికి చల్లటి నీళ్ళు అక్కర్లేదు. వేడి పుట్టిన చోటికి దగ్గరగా వెళ్ళాం కాబట్టి గోరువెచ్చటి నీళ్ళు కూడా సరిపోతాయి. స్విట్జర్లాండ్‌లో ఐబీఎం, ఈటీహెచ్ జూరిచ్ యూనివర్సిటీ కలిసి 2010లో నడిపిన అక్వాసర్ అనే సూపర్ కంప్యూటర్‌ని 60 డిగ్రీల నీటితో చల్లబరిచి, బయటికి వచ్చిన వేడి నీటితో భవనాన్ని వెచ్చబెట్టారు. ఐసు ఆ రోజుతో ఆగిపోయింది. మా నీళ్ళు 28 డిగ్రీలు, గది ఎంతో అంత.

అన్నీ సరిచేశాక హీటర్‌కి 60 వాట్లు ఇచ్చాం. నాలుగు భాగాల్లో నీరు లోపలికి వచ్చే పక్కన ఉన్నది 45 డిగ్రీలు చూపించింది. అవతలి చివర ఉన్నది 56. ఒక సెంటీమీటరు మేరలో 11 డిగ్రీల తేడా. లెక్క ప్రకారం అంతా 47 దగ్గర ఉండాలి. అదీ కాక, పంపు మీద ఒత్తిడి అర బార్ దాటింది (ఒక బార్ అంటే ఇంచుమించు మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడి). కాలువలకి 0.14 బార్ చాలని లెక్కగట్టాను. మిగతాది ఎక్కడ పోతోంది?

నీటిలో నీలం ఇంకు కలిపి వదిలి ఫోన్‌తో వీడియో తీశాం. నీరు వచ్చే పక్కన ఉన్న కాలువలు రెప్పపాటులో నీలమయ్యాయి. అవతలి చివరి పది, పన్నెండు కాలువలు మాత్రం నెమ్మదిగా, బద్ధకంగా రంగు మారాయి. నీరు వాటికి అందుతోంది గానీ చాలా తక్కువ అందుతోంది. నాకు గుండె కలుక్కుమంది. నేను పుట్టి పెరిగిన ఊరి బొమ్మే గాజు కింద కనిపించింది.

నాకు తోచింది ఒక్కటే. నీటిని 50 కాలువలకి పంచే అడ్డ కాలువ వెడల్పు ఒక మిల్లీమీటరే పెట్టాను, దాన్ని పెంచాలి. అంత సన్నటి దాంట్లో నీరు సెకనుకి ఐదు మీటర్ల పైన ఉరకాల్సి వస్తోంది. కొత్త డ్రాయింగులో దాన్ని మూడు మిల్లీమీటర్లు చేశాను. చివరికి వెళ్ళే కొద్దీ సన్నబడేలా గీశాను, మన పెద్ద కాలువలు కూడా పిల్ల కాలువలకి నీళ్ళు ఇచ్చుకుంటూ పోయే కొద్దీ సన్నబడతాయి కదా. కంప్యూటర్‌లో లెక్క చేస్తే తేడా కాస్త తగ్గింది గానీ పోలేదు. వారం రోజులు అటూ ఇటూ మార్చి చూశాను. టెన్షన్‌తో నిద్ర పట్టేది కాదు. ఇంకో వేఫరు పాడు చేసుకునే స్థితిలో లేను.

ఆ ఆదివారం ఇంటికి వెళ్ళాను. దాళ్వా నాట్లు అయ్యాయి, వంతులవారీగా నీళ్ళు ఇస్తున్నారు. మా వంతు వచ్చేది రాత్రి. నాన్న పంచె ఎగ్గట్టి గట్టు మీద ఉన్నారు, నేను టార్చి పట్టుకుని పక్కన కూర్చున్నాను. మాటల్లో ఆ వీడియో చూపించాను. ఆయన ఫోన్ దగ్గరగా పెట్టుకుని రెండుసార్లు చూశారు.

"ఇదేంటమ్మా, మనూరే?"

"అవును నాన్నా, చివర్న ఉన్నవాటికి అందట్లేదు. పంచే కాలువ పెంచాను, అయినా సరిపోవట్లేదు."

"నీళ్ళు వచ్చే దారి చెప్పావు. పోయే దారేది? మురుగు ఎటు పోతుంది?"

నేను వేలితో చూపించాను. కాలువలు దాటిన నీరు అవతల ఇంకో అడ్డ కాలువలో కలిసి, అటు నుంచి బయటికి పోతుంది. దాని వెడల్పు కూడా ఒక మిల్లీమీటరే. దాన్ని నేను ముట్టుకోలేదు.

"మురుగు సన్నంగా ఉంటే అందరి నీళ్ళూ ఒక్కసారి దాంట్లో పడి ఎగదంతాయి కదమ్మా. చివరున్నవాడి నీళ్ళు కదలవు. సార్వాలో మనకి జరిగేది అదే. పై నుంచి నీళ్ళు రాక కాదు, మురుగు లాగక పోతుంది పంట."

నేను పొలంలో పెరిగినదాన్ని. 2011లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించినప్పుడు చెప్పిన కారణాల్లో మురుగు కాలువలు పూడిపోవడం ఒకటి. అప్పుడు మా ఇంట్లో మూడు నెలలు వేరే మాట లేదు. అయినా డ్రాయింగు గీసేటప్పుడు నీళ్ళు వచ్చే దారి గురించే ఆలోచించాను గానీ పోయే దారి గురించి ఆలోచించలేదు. హాస్టల్‌కి వెళ్ళేదాకా ఆగలేక, ఆ రాత్రే ఇంట్లో మంచం మీద కూర్చుని కాగితం మీద లెక్క వేశాను. నాన్న చెప్పింది అక్షరాలా నిజం. పంచే కాలువలో నీరు ముందుకు పోయే కొద్దీ తగ్గుతూ నెమ్మదిస్తుంది, నెమ్మదించినప్పుడు కాస్త ఒత్తిడి తిరిగి వస్తుంది. పోగుచేసే కాలువలో దీనికి పూర్తిగా తలకిందులు. ఒక్కో కాలువ నుంచి నీరు వచ్చి చేరే కొద్దీ మొత్తం నీటిని ఇంకా ఇంకా వేగంగా తొయ్యాలి, దానికి ఒత్తిడి ఖర్చవుతుంది. ఆ ఖర్చు పంచే కాలువలో తిరిగి వచ్చేదాని కన్నా పెద్దది. బయటికి పోయే దారికి దూరంగా ఉన్న కాలువల ఎదుట ఎదురొత్తిడి ఎక్కువ ఉంటుంది. నా డిజైన్‌లో లోపలికి వచ్చే దారి, బయటికి పోయే దారి రెండూ ఒకే పక్కన ఉన్నాయి. అందుకని ఆ పక్కవాళ్ళకి సుఖం, అవతలివాళ్ళకి కష్టం.

పోగుచేసే కాలువని నాలుగు మిల్లీమీటర్లు చేశాను, పంచే కాలువ కన్నా వెడల్పుగా. బయటికి పోయే దారిని ఎదురు మూలకి మార్చాను. ఏ కాలువ గుండా వెళ్ళినా నీరు నడిచే మొత్తం దూరం ఒకటే అయ్యేలా. మళ్ళీ దరఖాస్తు, మళ్ళీ బెంగళూరు. ఈసారి గాజుని ఎంతసేపు కడగాలో చేతికి తెలుసు. నాలుగు ముక్కలకి నాలుగూ అతికాయి.

రెండో చిప్ మీద 60 వాట్లు ఇచ్చి చూశాం, తర్వాత 80, తర్వాత 100. 100 వాట్ల దగ్గర నాలుగు భాగాలూ 58, 59, 60, 58. పంపు మీద ఒత్తిడి పావు బార్ దగ్గర నిలబడింది. లోపలికి 28 డిగ్రీలతో వెళ్ళిన నీరు 42తో బయటికి వస్తోంది. చదరపు సెంటీమీటరుకి 100 వాట్లు, అంటే వేలి గోరంత జాగాలో, ఇందాకటి ఇస్త్రీ పెట్టె అడుగుకి ఇరవై రెట్ల వేడి. ఆ వేడిని తియ్యడానికి చిప్ గుండా నీటిని తొయ్యడంలో ఖర్చయింది వాట్‌లో ఇరవయ్యో వంతు కూడా లేదు. పంపు తన కోసం తినే కరెంటు వేరే అనుకోండి. పిల్లలు చప్పట్లు కొట్టారు. నేను ముందు నాన్నకి ఫోన్ చేశాను.

దీని తర్వాత పెద్దవాళ్ళు చేసిన పనులు మళ్ళీ చదివితే కొత్తగా అర్థమయ్యాయి. 2020లో స్విట్జర్లాండ్‌లోని ఈపీఎఫ్ఎల్ యూనివర్సిటీ పరిశోధకులు నేచర్ పత్రికలో ఒక చిప్ గురించి రాశారు. గాలియం నైట్రైడ్ అనే సెమీకండక్టర్‌తో చేసిన పరికరాన్ని, దాని కింద సిలికాన్‌లో కాలువల్ని మొదటి నుంచీ కలిపే డిజైన్ చేసి, చదరపు సెంటీమీటరుకి 1,700 వాట్ల పైన తీశారు. దానికి నీటిని తొయ్యడానికి అయింది చదరపు సెంటీమీటరుకి 0.57 వాట్లు. ఆ బొమ్మని ముందు చూసినప్పుడు వాళ్ళ కాలువలు చాలా సన్నం కాబట్టి అంత పని చేశాయి అనుకున్నాను. ఇప్పుడు చూస్తే కిటుకు ఇంకో చోట ఉంది. వాళ్ళు ఒక చివర నుంచి ఇంకో చివరకి నీటిని పొడుగ్గా పారించలేదు. వచ్చే దారులు, పోయే దారులు ఒకటి విడిచి ఒకటి చిప్ పొడుగునా అల్లారు. ఏ కాలువలోనూ నీరు ఎక్కువ దూరం నడవక్కర్లేదు. ప్రతి చేను పక్కనే బోదె, ప్రతి చేను పక్కనే మురుగు. ఒక్క చేనూ శివారు కాదు.

2025 సెప్టెంబరులో మైక్రోసాఫ్ట్ కూడా తమ పరీక్షల గురించి చెప్పింది. చిప్ వీపు మీదే ఆకు ఈనెల్లా కాలువలు తవ్వి, ఏ చోట ఎక్కువ వేడి పుడుతుందో చూసి అక్కడికి నీటిని మళ్ళించి, ఇప్పటి రాగి పలకల కన్నా మూడు రెట్ల దాకా మెరుగ్గా వేడి తీశామని. ఇందులో కొరింటిస్ అనే స్విస్ కంపెనీ కలిసి పనిచేసింది. నిజమైన ప్రాసెసర్‌లో వేడి అంతటా ఒకేలా పుట్టదు. లెక్కలు చేసే చోట మంట, జ్ఞాపకం ఉంచే చోట వెచ్చన. మా హీటర్ అంతటా సమానంగా వేడెక్కుతుంది కాబట్టి మేం ఇంకా తేలిక లెక్కే చేశాం. పైగా అసలు చిప్‌లో లోతు ఎక్కువ తవ్వితే సిలికాన్ బలం తగ్గుతుంది. కాలువలు పూడితే చిప్ మొత్తం పోవచ్చు, మూత విప్పి కడుక్కోలేం. చిప్ గీసేవాళ్ళు, దాన్ని పొదిగేవాళ్ళు, నీరు పెట్టేవాళ్ళు మొదటి రోజు నుంచీ ఒకే బల్ల దగ్గర కూర్చుంటే తప్ప ఇది కుదరదని నా నమ్మకం. చిప్ అంతా అయిపోయాక చివర్న పిలిచి "దీన్ని చల్లబరచండి" అంటే, మళ్ళీ ఆ పేస్టు దగ్గరే ఆగిపోతాం.

ఇప్పుడు మూడో డ్రాయింగు మీద ఉన్నాం. హీటర్‌లో ఒక మూల ఎక్కువ వేడి పుట్టేలా, కాలువలు పొట్టిగా, వచ్చే దారీ పోయే దారీ అల్లుకునేలా. గాజు రెండు పొరలు కావాలి, అతకడం ఇంకా కష్టం. రొయ్యల చెరువు కుర్రాడు ఎంటెక్‌కి ఇదే విషయం తీసుకున్నాడు.

మొన్న నాన్న ఏదో పని మీద అమలాపురం వస్తే కాలేజీకి తీసుకొచ్చాను. కుర్చీ లాగి మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టాను. కళ్ళద్దాలు తీసి, మళ్ళీ పెట్టుకుని, చాలాసేపు సర్దుకుని చూశారు.

"నీళ్ళు వదులమ్మా" అన్నారు.

పంపు వేసి ఇంకు వదిలాను. తెరమీద నీలం రంగు పాకుతుంటే పిల్లలు ఇటు పక్క చూస్తున్నారు. ఆయన మాత్రం కళ్ళు అవతలి మూల నుంచి తియ్యలేదు. చివరి కాలువ నీలమయ్యాక తల ఎత్తారు.

"వెళ్ళింది" అన్నారు.